మునగాకు, కొత్తిమీర

మా అక్క కనకవల్లికి చెవులు వినబడవని చింతాద్రిపేటలో మా వీధి వీధంతటికీ తెలుసు. మా ఇంట్లో మిగతా అందరికీ బాగా వినబడుతుందని కూడా వీధి అనుకునేది. ఆ రెండో సంగతి మీదే నాకు మొదటినుంచీ అనుమానం.

మేం నాయుళ్ళం. ఎన్ని తరాల కిందట మద్రాసు చేరామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. మా నాయన పరంధామయ్య హార్బరు దగ్గర ఓడల కంపెనీ గోడౌనులో గుమాస్తా. నుదుటిన నామం లేకుండా ఆయనను చూసినవాళ్ళు లేరు. కానీ ఇంట్లో అసలు పట్టింపు అమ్మది. నాయుళ్ళ ఇంట్లో ఇంత మడి ఏమిటని చుట్టాలు మూతి విరిచేవాళ్ళు. అమ్మ లెక్కచేసేది కాదు. ఆచార్యస్వామి దగ్గర ముద్రలు వేయించుకుని మంత్రం పొందినవాళ్ళు వండి పెడితేనే తినేది, లేకపోతే పస్తుండేది.

ముద్రలంటే శంఖం, చక్రం అచ్చులను హోమంలో కాల్చి రెండు భుజాల మీదా వేస్తారు. ఆ తర్వాత స్వామి తల మీదా శిష్యుడి తల మీదా కలిపి ఒక గుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ చాటున స్వామి ఎనిమిదక్షరాల మంత్రం చెవిలో చెబుతారు. ఆ మంత్రం గుడి గోడల మీద జానెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. చదువొచ్చిన ప్రతివాడూ దాన్ని చదువుతూనే ఉంటాడు. అయినా స్వామి నోటినుంచి చెవిన పడితేనే అది మంత్రం, లేకపోతే గోడ మీద సున్నమే.

నాకు పెళ్ళికి ముందు వేయించారు. హోమం పొగ ముక్కులోకి పోయి, సరిగ్గా స్వామి మంత్రం చెప్పే వేళకు గట్టిగా తుమ్మాను. సగం మంత్రం విన్నాను, సగం తుమ్ములో కొట్టుకుపోయింది. విన్నావా అని నన్నెవరూ అడగలేదు. రెండు చెవులూ ఉన్న పిల్లను ఎందుకడుగుతారు? ఆ రోజునుంచి నా చేతి అన్నం అమ్మకు పనికొచ్చింది.

అక్కకు రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయట. మాటలు రాకముందే చెవులు పోయాయి కాబట్టి మాటా రాలేదు. వీధి పిల్లలు ఊమచ్చి, అంటే మూగది, అని పిలిచేవాళ్ళు, ఎలాగూ వినబడదు గనక ధైర్యంగా పిలిచేవాళ్ళు. మైలాపూరులో చెవిటి పిల్లలకు కన్యస్త్రీలు నడిపే బడి ఉందని తెలిసి అమ్మే పట్టుబట్టి చేర్పించింది. ఆ బళ్ళో చేతులు ఆడించకూడదు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి, గొంతు పెగల్చాలి. పాఠం అయిపోగానే పిల్లలంతా వెనక దొడ్లో చేరి చేతులతో లోకాన్నంతా చెప్పుకునేవాళ్ళు. అరవం చదవడం అక్క బళ్ళో నేర్చుకుంది. తెలుగు చదవడం అమ్మ నేర్పింది. చేతిమాట మాత్రం ఆ దొడ్లోనే వచ్చింది.

చేతిమాటలో ప్రతి మనిషికీ ఒక పేరుంటుంది. నాయనంటే నుదుటి మీద కిందినుంచి పైకి ఒక గీత. అమ్మంటే ముక్కు పక్కన బేసరి ఉన్నచోట వేలు. నా పేరు అమ్మణి. అక్క చేతిలో మాత్రం నేను ముక్కు కింద అడ్డంగా పెట్టిన వేలిని, అంటే తుమ్ముని. అన్నమంటే అయిదు వేళ్ళూ ముద్దగా చేర్చి నోటి దగ్గరకు తీసుకుపోవడం. అది అమ్మ నేర్పిన మొదటి మాట. బడికి వెళ్ళకముందు వాళ్ళిద్దరూ కల్పించుకున్నది. బళ్ళో వేరే సైగ ఉన్నా అక్క దాన్ని మార్చలేదు.

బడి మానేశాక కూడా ఆదివారం సాయంత్రాలు అక్క బీచికి వెళ్ళేది. ఆనాటి బడి పిల్లలంతా పెద్దవాళ్ళై అక్కడ ఇసకలో గుండ్రంగా కూర్చునేవాళ్ళు. శాంతోములో జాకెట్లు కుట్టే ఆరోగ్యమేరి వాళ్ళకు పెద్దదిక్కు. నేను తోడు వెళ్ళేదాన్ని. సముద్రం హోరున అరుస్తుంటే వాళ్ళు కబుర్లలో మునిగిపోయి నవ్వుకునేవాళ్ళు. అక్కడ నాకే ఏమీ సరిగా అర్థమయ్యేది కాదు. నన్ను చూసి జాలిపడి, మాట మాటా నిదానంగా చెప్పేవాళ్ళు. మా ఇంట్లో అక్కతో ఎవరూ అంత ఓపికగా మాట్లాడగా నేను చూడలేదు, అమ్మ ఒక్కతె తప్ప.

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన ఏడాది అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. దాంతోపాటు మాటా పోయింది. మిగిలింది ఎడమచేయి ఒక్కటే. నాయన మంచం పక్కన నిలబడి ఏం కావాలి, ఏం కావాలి అని అరిచేవాడు. అమ్మ ఎడమచేయి గాలిలో ఏదో చెప్పేది. అది ఒక్క అక్కకే తెలిసేది. నీళ్ళు, పక్క తిప్పు, వీపు దురద, కిటికీ మూయి, నాయనను అరవొద్దను. అలా అన్నీ అక్క అందుకునేది. అమ్మకు స్నానం, పక్కబట్టలు, తల దువ్వడం అన్నీ అక్కే. ఆ ఇంట్లో మూగది మూగదాని మాట మోస్తుంటే, నోరున్నవాళ్ళం పక్కన నిలబడి చూసేవాళ్ళం.

అన్నం దగ్గర మాత్రం అక్క వెనక్కి తగ్గాలి. పక్కవీధిలో కాపురమున్న నేను రెండు పూటలా వచ్చి వండి, ముద్దలు కలిపి తినిపించి వెళ్ళేదాన్ని. నేను ముట్టయిన రోజుల్లో ఒక ముసలావిడను పిలిపించేవాళ్ళు. ఆమెకు ముద్రలున్నాయి, చూపు లేదు. సగం అన్నం అమ్మ మెడ మీదనే పోసేది. ఒకసారి కూవం ఏరు పొంగి వీధిలోకి నీళ్ళొచ్చాయి. నేను చేరేసరికి చీకటి పడింది. అక్క తనకోసం వండుకున్న అన్నం పొద్దుటినుంచి వంటింట్లో ఉంది. అమ్మ కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆకలితో ఉన్న మనిషినీ అన్నాన్నీ ఒకే కప్పు కింద పెట్టి ఆ మధ్యన ఇంత గోడ కట్టినవాళ్ళెవరో నాకు కనబడి ఉంటే ఆ రోజు చెడామడా తిట్టి ఉండేదాన్ని.

అక్క నన్ను పెరట్లోకి లాక్కుపోయి చేతులతో అడిగింది. అయిదు వేళ్ళూ చేర్చి ముద్ద చేసి, అమ్మ మంచం వైపు చూపించి, తన రొమ్ము మీద తట్టుకుంది. అమ్మకు అన్నం నేనెప్పుడు పెడతాను, అని. అక్కకు పెళ్ళి కాలేదు, నగలూ లేవు, ఏ కోరికా నోరు తెరిచి అడిగినట్టు ఎవరికీ గుర్తులేదు. జన్మకు ఆమె అడిగింది ఈ ఒక్కటే. తను వండిన అన్నం తన చేత్తో అమ్మకు తినిపించాలి.

నాయన ఆ సంగతి స్వామికి ముందే ఒకసారి విన్నవించాడు. స్వామి కాదన్నారు. చెవిలేని మనిషికి మంత్రం ఎట్లా అందుతుంది, మంత్రం లేకుండా ముద్ర వేస్తే అది పశువుకు పెట్టిన వాతతో సమానం, అన్నారు. నాయన చేతులు కట్టుకుని విని వచ్చాడు.

మౌంటురోడ్డులో చెవి మిషను అమ్ముతున్నారని నాయనకు ఆఫీసులో ఎవరో చెప్పారు. అది సిగరెట్ డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టె. దానికి తోలు సంచి. పెట్టెలోంచి వైరు బయలుదేరి చెవిలో పెట్టుకునే బిళ్ళకు చేరుతుంది. పెట్టెను రొమ్ము మీద వేలాడదీసుకోవాలి. చప్పుళ్ళను పట్టుకునేది పెట్టె, చెవిలో బిళ్ళ వాటిని ఒలకబోస్తుందంతే. నాయన ఆ మిషను తెచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంది. అమ్మ ఎడమచేయి అక్క చెంప మీదే ఉండిపోయింది. చేతులు ఆడిస్తే చెవులు బద్ధకిస్తాయని షాపువాడు నాయనకు నూరిపోశాడు.

"ఇంక చేతులాడించబాక. చెవొచ్చేసింది గదా, ఒళుంగా, సరిగ్గా విను," అన్నాడు నాయన అక్కతో, ఆ పెట్టెకు కాక ఆమె మొహానికి చెబుతూ.

బీచికి వెళ్ళడం ఆపించేశాడు. ఇంట్లో అక్క చేతులెత్తితే కళ్ళెర్ర చేసేవాడు. అమ్మ ఎడమచేతిని మాత్రం ఏం చేయాలో ఆయనకు తోచలేదు, చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ పెట్టె అక్కకు మాటలివ్వలేదు. చప్పుళ్ళిచ్చింది. కాకి, కొళాయి, రుబ్బురోలు, తలుపు గడియ అన్నీ ఒక్కటిగా ముంచుకొచ్చేవి. మొదటి వారమంతా తలనొప్పితో వాంతులు చేసుకుంది. ఏ చప్పుడు దేనిదో తెలియక ప్రతిదానికీ వెనక్కి తిరిగి చూసేది. ఒకరోజు నాయన అరుస్తుంటే బిళ్ళ తీసేసి నన్ను అడిగింది, ఇన్నాళ్ళూ ఈయన ఇంత గట్టిగా ఉన్నాడా అని. నేను ఔనన్నాను. చెవులు లేకపోవడంలో కొంత సుఖముందని అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

నాయన ఆఫీసుకు పోయినప్పుడు ఆరోగ్యమేరి ఒకసారి వచ్చి చూసింది. రొమ్ముకు వేలాడే పెట్టెను, ఎడతెగని దాని గోలను, తరచూ దానికి వేయాల్సిన బ్యాటరీలను చూసి, రెండు చేతులూ ఒళ్ళో చేర్చి ఊపింది. చంటిబిడ్డ. వాళ్ళ భాషలో ఆ మిషనుకు ఆ పేరే స్థిరపడిపోయింది. అక్క మాత్రం దాన్ని వదల్లేదు. అది చెవి కోసం కాదు, అమ్మ నోటి కోసం.

మేమిద్దరం సాధన మొదలుపెట్టాం. మంత్రం పైకి అనకూడదు కదా, అందుకని ఎనిమిదక్షరాల మాట ఇంకోటి వెతికాను. రోజూ పొద్దున గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆకుకూరల ఆమె కేక గుర్తొచ్చింది. మునగాకు, కొత్తిమీర. లెక్క సరిపోయింది. నేను పెట్టెకు దగ్గరగా నోరు పెట్టి అక్షరం అక్షరం అనేదాన్ని. అక్క మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు లేపేది. మొదట్లో మూడో వేలుకే తికమక. వర్షాకాలం పోయేసరికి వేలు ఒక్కటి కూడా తప్పలేదు. గుసగుసగా చెప్పినా వేళ్ళు లేచేవి, నోరు పెట్టె దగ్గరుంటే చాలు. మంచంలోంచి అమ్మ చూస్తూ ఎడమచేతి వేళ్ళు తనూ లేపేది.

నాయన స్వామి దగ్గరకు వెళ్ళి మా అమ్మాయికి ఇప్పుడు చెవి వచ్చిందని చెప్పాడు. స్వామి సంతోషించారు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో మా ఇంటికే వచ్చి ముద్రలు వేస్తామన్నారు.

ఆ రోజు నడవలో హోమం పెట్టారు. అమ్మ మంచాన్ని అందరికీ కనబడేలా గోడవారకు జరిపాం. అక్క తడితలతో వచ్చి కూర్చుంది. స్వామి ఆ తోలు సంచిని చూసి మొహం చిట్లించారు. హోమం దగ్గర తోలు పనికిరాదన్నారు. నాయన సంచి ఊడదీసి, అమ్మ మడిచీర పాతది చింపి, ఆ పట్టుముక్కలో పెట్టెను చుట్టి అక్క చీర లోపల దోపుకోమన్నాడు. పెట్టెకు అంత బట్ట చుడితే ఏం వినబడుతుందని నేను గొణిగాను. మడి కట్టుకున్నదానివి, తోలు తగలకుండా పక్కకుండు అన్నాడు.

ముందు ముద్రలు. ఎర్రగా కాలిన చక్రం కుడి భుజం మీద, శంఖం ఎడమ భుజం మీద వేశారు. నా మీద వేసినప్పుడు నేను వీధికి వినబడేలా కేకపెట్టాను. అక్క కదల్లేదు. కళ్ళు అమ్మ మీదే ఉన్నాయి. కాలిన వాసన నడవంతా నిండింది.

తర్వాత మంత్రం. ఇద్దరి తలల మీదా గుడ్డ కప్పారు. గుడ్డ బయట నాకు కనబడేవి అక్క చేతులు మాత్రమే. అవి మోకాళ్ళ మీద సిద్ధంగా ఉన్నాయి. స్వామి తల అక్క చెవి వైపు వంగడం గుడ్డ ఆకారాన్నిబట్టి తెలిసింది. నేను ఆ చేతులనే చూస్తున్నాను. అమ్మ కూడా చూస్తోంది. ఒక్క వేలూ లేవలేదు. స్వామి లోకమంతా చేసినట్టే చేశారు. మంత్రం చెవిలో చెప్పాలి కాబట్టి చెవిలోనే చెప్పారు. ఆ చెవిలో బిళ్ళ బిగించి ఉంది. అక్క అసలు చెవి జానెడు కింద, పట్టుగుడ్డలో, చీర లోపల ఉంది.

గుడ్డ తీశారు. నాయన మొహం వెలిగిపోతోంది. స్వామి లేవబోతున్నారు. అక్క తల ఒక్కసారి ఊపి ఉంటే సరిపోయేది. నా తుమ్మును ఎవరూ అడగనట్టే ఆమెనూ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ సాయంత్రమే అమ్మకు ముద్ద పెట్టి ఉండేది. కానీ అమ్మ నోట్లోకి పోయే అన్నం అబద్ధపు అన్నం కాకూడదని ఆమె పట్టుదల. అమ్మ నేర్పిన మడి ఆ ఇంట్లో అమ్మ కంటే ఎక్కువగా పట్టింది అక్కకే. ఆమె స్వామి కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఆడించింది. చీర లోపలినుంచి పెట్టె బయటికి తీసి, పట్టుగుడ్డ విప్పేసి, రెండు చేతులతో స్వామి నోటి ముందు పట్టుకుంది.

స్వామి ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"స్వామీ, దాని చెవి ఈడుంది. ఈ పెట్టెలో. దీనికి చెప్పాల," అన్నాను నేను.

నడవలో ఒకరిద్దరు నవ్వారు. స్వామికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఆయన దయగానే చెప్పారు.

"మంత్రం మనిషికమ్మా. యంత్రానికి కాదు."

పెట్టెను చెవి పక్కనే పట్టుకుంటుంది, ఆ చెవిలోనే చెప్పినట్టవుతుంది కదా అని నేను బతిమాలాను. ముందు ఎవరి చెవిన పడుతుంది, దాని చెవిన కదా, అప్పుడు శిష్యురాలు ఎవరు, అదా ఆమెనా, అని అడిగారాయన. నాయన కాళ్ళ మీద పడ్డాడు. ఈ జన్మకు ఇంతే అని చెప్పి స్వామి లేచారు. కాల్చడం మాత్రం అప్పటికే అయిపోయింది. మంత్రం లేని ముద్ర పశువు మీద వాత అన్నది ఆయనే. ఆ లెక్కన ఆయన మా అక్కను ఏం చేసి వెళ్ళారో ఆయనకు తోచిందో లేదో నాకు తెలియదు.

పుళ్ళు ఎండాక ఒక మధ్యాహ్నం పెరట్లో అక్కను కూర్చోబెట్టాను. పెట్టెకు నోరు ఆనించి, ఆ ఎనిమిదక్షరాలూ నేనే చెప్పాను, గుసగుసగా కాదు, పక్కింటికి వినబడేలా. పాపమైతే నాకే తగలనీ అనుకున్నాను. అక్క వేళ్ళు చకచకా ఎనిమిదీ లేచాయి. నా మొహం చూసి, ఇంతేనా అన్నట్టు పెదవి విరిచి, నెత్తిన గంప పెట్టుకున్నట్టు చేయి పెట్టి చూపించింది. మునగాకు, కొత్తిమీర. ఆ రోజు నవ్వి నవ్వి ఏడుపొచ్చింది నాకు.

ఆ సాయంత్రమే అక్క అన్నం వార్చింది. మిరియాల చారు పెట్టింది. వేడి తగ్గేదాకా ఊది, మెత్తగా కలిపి, మొదటి ముద్ద చేసి అమ్మ నోటి దగ్గరకు తీసుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ ఆ ముద్దను చూసింది. అక్కను చూసింది. పెదాలు బిగించేసింది. కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా పెదాలు మాత్రం విప్పలేదు. తర్వాత ఎడమచేయి లేపి అక్క భుజం మీద మాడిన చోట మెల్లగా తడిమింది. ఆ వేలితోనే అక్క చెవి ముట్టుకుంది. ముట్టుకుని, లేదు అన్నట్టు చేయి ఆడించింది.

ఇరవై ఏళ్ళకు పైగా ఇద్దరూ కలిసి కల్పించుకున్న భాషలో అమ్మ అక్కకు చెప్పిన మాట అది. నాకు అమ్మ మీద అంత కోపం ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. అక్క ముద్దను పళ్ళెంలో పెట్టేసి చేయి కడుక్కుంది. చెవిలో బిళ్ళ తీసి, పెట్టెను తోలు సంచిలో పెట్టి, నడవలో మేకుకు తగిలించింది. మరుసటి ఆదివారం నాయన ఎదురుగానే బీచికి బయలుదేరింది. ఆయన అడ్డు చెప్పలేదు. తిరిగొచ్చి అమ్మ తల దువ్వింది, ఎప్పటిలాగే.

ఆ మేకు మీద పెట్టె చాలాకాలం బూజు పట్టి వేలాడింది. ఈలోగా నాయనకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ముందు నలుగురూ నోట్లో గొణుగుతున్నారని తిట్టాడు. తర్వాత గోడౌనులో కుర్రగుమాస్తాలు వెనకనుంచి వెక్కిరించడం తెలిసింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పెట్టె దించి, దులిపి, కొత్త బ్యాటరీ వేసి చొక్కా మీద తగిలించుకున్నాడు. తోలు సంచితోనే. దాంతోనే పూజ, దాంతోనే హారతి. అక్క ఆయనను చూపించి, చేతులు ఒళ్ళో చేర్చి ఊపింది. నాయన బాలింత అయ్యాడంది. ఆమె చేతుల్లో అంత చేదు నేను అప్పుడే చూశాను.

అమ్మ బాగా నీరసించిపోయిందని విని ఆ ఏడు స్వామి మళ్ళీ మా ఇంటికి వచ్చారు. నాయన సాష్టాంగపడి లేచాడు. కులాసా అడిగితే వినబడలేదు. నాయన పెట్టెను చూపించి, దీనికి చెప్పండి స్వామీ అన్నాడు సిగ్గుపడుతూ. స్వామి నవ్వి, వంగి, నాయన రొమ్ము మీది ఆ తోలు సంచి దగ్గరకు నోరు తీసుకొచ్చి, "పరంధామా, కులాసానా?" అన్నారు.

అక్క అమ్మ మంచం పక్కన ఉంది. చూసింది. అమ్మా చూసింది. నేను ఊరుకోలేకపోయాను.

"ఇప్పుడు పెట్టెకు చెప్తా ఉండారే స్వామీ. మా అక్కకు ఎందుకు చెప్పలేదు?"

స్వామి నా వైపు తిరిగారు. "ఆయనకు మంత్రం ఎప్పుడో అందిందమ్మా. ఇప్పుడు చెప్పేది మాట. మాట దేనికైనా చెప్పొచ్చు."

నాయనకు నా ప్రశ్న వినబడలేదు. పెట్టె స్వామి వైపు తిరిగి ఉంది. ఏమంటున్నావని నన్నడిగాడు. నేను వెళ్ళి ఆయన రొమ్ము మీదికి వంగి ఆ సంచిలోకి చెప్పాను.

"ఏం లేదు నాయనా. మునగాకు, కొత్తిమీర."

అమ్మ ఆ నెల దాటలేదు. చివరి రోజుల్లో నేను పెట్టిన జావ కూడా గొంతు దిగలేదు. ప్రాణం పోయేటప్పుడు అక్కే పక్కనుంది. అమ్మ ఎడమచేయి అక్క చేతిలో ఉంది. ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయిందట. ఏం చెప్పిందని అడిగితే అక్క చెప్పలేదు.

మా వాళ్ళలో శవాన్ని ఎత్తేముందు వాయికరిసి వేస్తారు. చనిపోయినవాళ్ళ నోట్లో అయినవాళ్ళంతా వరసగా వచ్చి తలా గుప్పెడు పచ్చి బియ్యం వేయాలి. అమ్మకు గడ్డం కింద కట్టిన గుడ్డను వదులు చేశారు. పెదాలు కొంచెం విడ్డాయి. పురోహితుడు చేట పట్టుకుని, కూతుళ్ళు రండమ్మా, పెద్దమ్మాయి ముందు, అని పిలిచాడు. అక్కకు ముద్రలున్నాయా అని అడగలేదు. మంత్రం ఉందా అని అడగలేదు. ఆ నడవలో, ఆ గోడవారనే, నాయన ఉన్నాడు, చుట్టాలున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు.

అక్క అమ్మ తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చేటలోంచి బియ్యం తీసుకుంది. మిగతావాళ్ళలా గుప్పిట వదిలేయలేదు. అయిదు వేళ్ళూ ముద్దలా చేర్చి, అమ్మ పెదాల మధ్య పెట్టింది, పసిపిల్లకు పెట్టినట్టు. అమ్మ ఈసారి నోరు మూసుకోలేదు.

వెనక నిలబడినవాళ్ళు తొందర చేస్తున్నారు. అక్క లేవలేదు. నా వైపు తిరిగి, అవే వేళ్ళతో అన్నం అంది. అని, ఒక గింజ తన పంటి కింద పెట్టుకుని కొరికి, తల అడ్డంగా ఆడించింది. ఉడకలేదు, అంది.